రహీమక్కతో పంపిన గుడ్లు

రండి, ఇట్లా నా పక్కకు జరిగి కూర్చోండి. కాళ్ళు చాపుకోండి, చెప్పాల్సింది కాస్త పొడుగు. నా గొంతు ఇదివరకటిలా దూరం పోవడం లేదు, పైగా మా అమీర్‌పేట గల్లీలో కోచింగుకు వచ్చే పిల్లల సందడి ఒకటి, మెట్రో రైలు పోయినప్పుడల్లా కిటికీ అద్దాలు వణకడం ఒకటి. నిన్న పంజాగుట్ట ఆసుపత్రికి పోయి వచ్చాను. నా ఒంటికి ఏం కాలేదు, భయపడకండి. రహీమక్క కోసం పోయాను. బంగ్లాదేశ్‌లో ఉన్న రహీమక్కకు గుండె కవాటం పాడైంది. ఇక్కడికి తెచ్చి ఆపరేషన్ చేయించాలంటే వీసా కావాలి, వీసాకు ఆసుపత్రి వాళ్ళ ఉత్తరం కావాలి. ఆ ఉత్తరం గడువు తీరినప్పుడల్లా నేను పోయి కొత్తది రాయించుకుని వస్తున్నాను. మొదటిసారి పోయినప్పుడు కౌంటరులో అమ్మాయి అడిగింది, "పేషెంటు మీకు ఏమవుతారు అమ్మమ్మా?" అని. చుట్టం అందామంటే దేశమే వేరు. "మా ఇంట్ల ఉండె బిడ్డా" అన్నాను. ఆ అమ్మాయి ఫారంలో స్నేహితురాలు అని రాసుకుంది.  స్నేహితురాలికి ఎవరూ చెయ్యని పని మేము ఆమెకు చేశాం. అది చెప్పుకోవడానికే మిమ్మల్ని కూర్చోమన్నాను.

మా నాయిన సర్కారు కోళ్ళ ఫారంలో చప్రాసీ. ఫారం ఊరి బయట ఉండేది, నాయిన పొద్దున్నే సైకిలు మీద పోయి పొద్దుగూకే వేళకు వచ్చేవాడు. ఆయన గల్లీ మలుపు తిరగకముందే మాకు తెలిసిపోయేది. చొక్కాకు పట్టిన దాణా వాసన, అందులో కలిపే ఎండు చేపల పొడి వాసన ఆయనకంటే ముందు ఇంట్లోకి వచ్చేవి. అమ్మ గడపలోనే ఆపి చొక్కా విప్పించేది. మా అమ్మకు శుభ్రం పిచ్చి, పసుపు పిచ్చి. బజారు నుంచి వచ్చిన ప్రతిదీ పసుపు నీళ్ళలో మునగాల్సిందే. వంకాయలు, కరివేపాకు, కొత్త కత్తిపీట, ఒకసారి నాయిన కొన్న తాళంకప్ప కూడా. గడపకు పసుపు, నీళ్ళ బిందెకు పసుపు, నా మోకాలు చెక్కుకుపోతే అక్కడా పసుపే. ఆమె వేళ్ళు ఎప్పుడూ పచ్చగానే ఉండేవి. అన్నం కలిపి ముద్ద పెడితే ఆ ముద్దకు కూడా ఆ వాసన ఉండేది. ఇప్పుడు నా కోడలు డబ్బాలోంచి చెంచాతో తీసి వేస్తుంది, ఆ పసుపుకు నాకు ఏ వాసనా తెలియదు.

అప్పటికి బంగ్లాదేశ్ పుట్టి ఎంతో కాలం కాలేదు. రెండు సర్కార్లకూ మంచి దోస్తీ. అక్కడ యుద్ధంలో, ఆ తర్వాత వచ్చిన వరదలో ఊళ్ళకు ఊళ్ళలో కోడి అనేది మిగల్లేదట. అందుకని మన సర్కారు అక్కడ కోడిగుడ్లను పొదిగించడానికి హాచరీలు కట్టించి, వాటిని నడిపే పని నేర్చుకోవడానికి అక్కడి వాళ్ళను మా నాయిన ఫారానికి పిలిపించింది. వచ్చిన వాళ్ళలో ఆడమనిషి ఒక్కరే, రహీమక్క. మగవాళ్ళకు హాస్టలు ఉంది, ఆమెను ఎక్కడ ఉంచాలో పెద్దసారుకు తోచలేదు. నాయిన చెయ్యెత్తి, "మా ఇంట్ల ముందటర్ర ఖాళీగనే ఉంది సాబ్" అన్నాడట. ఇంటికి వచ్చి చెబితే అమ్మ చాట కింద పెట్టింది.

"నన్నడగకుండ ఒప్పుకున్నవా?"

"సర్కారు సుట్టమే నర్సమ్మా. రెండు దేశాల మాట. నేను కాదంటే ఢిల్లీల ఏమనుకుంటరు?"

"ఢిల్లీల నీ మొకం ఎవలకు ఎరికనో" అంది అమ్మ. అని, లేచి ముందు గది కడగడం మొదలుపెట్టింది.

రహీమక్క అల్యూమినియం పెట్టెతో దిగింది. సన్నగా, పొట్టిగా, ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. పెళ్ళయిన ఏడాదికే యుద్ధంలో భర్త పోయాడు. బావగారి ఇంట్లో ఉండేది. ఆమెకు కొంచెం ఉర్దూ వచ్చు, మాకు హైదరాబాదు ఉర్దూ వచ్చు, ఆ రెంటి మధ్యలో మా బతుకు నడిచిపోయింది. మొదటి వారం అమ్మ ఆమెకు వేరే గ్లాసు పెట్టింది, ఆ మాట దాచను. రెండో వారానికల్లా ఆ గ్లాసులో నేనే మజ్జిగ తాగుతున్నాను, ఎవరూ చూసుకోలేదు. రహీమక్క తన పెట్టెలోంచి ఆవనూనె సీసా తీసి చేపల కూర వండిన రోజు అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వాకిట్లో కూర్చుంది. "పిల్లా, తలకు రాసే నూనె కూరల పోస్తవా?" అంది. రహీమక్కకు సగమే అర్థమై, నూనె చేతిలో పోసుకుని వచ్చి అమ్మ తలకు రాసింది. ఆ రోజు అమ్మ ఎంత నవ్విందో, పక్కింటి వాళ్ళు గోడ మీంచి తొంగి చూశారు.

నాకు పదకొండేళ్ళు. నాలుగో తరగతితో బడి మాన్పించి ఇంటి పనిలో పెట్టారు. బడి పోయిన దుఃఖం నాకు రహీమక్క వల్ల తీరింది. ఆమె ఫారంలో నేర్చుకున్నదంతా సాయంత్రం నాకు చెప్పేది. నాకు చెబితే తనకు గట్టిపడుతుందట. ముందు గది తలుపులు వేసి, డాల్డా డబ్బాకు బొక్క చేసి, లోపల బల్బు పెట్టి, ఆ బొక్క మీద గుడ్డు ఆనించేది. పెంకులోంచి ఎర్రటి వెలుగు వచ్చేది, అందులో వెంట్రుకల్లాంటి నరాలు, నడుమ ఒక నల్లటి చుక్క, ఆ చుక్క కొట్టుకోవడం. మొదటిసారి చూసినప్పుడు నేను భయపడి ఆమె చెయ్యి పట్టుకున్నాను. "మణీ, ఇది ఊపిరి పీలుస్తోంది. గుడ్డు మీద కంటికి కనపడని పొర ఒకటి ఉంటుంది, అది దాని చొక్కా. తడి తగిలితే ఆ చొక్కా పోతుంది, మురికి లోపలికి పోతుంది, లోపలిది చచ్చిపోతుంది. పొదిగే గుడ్డును ఎప్పుడూ కడగకూడదు" అని చెప్పింది. ఈ మాట ఆమె నాకే చెప్పింది. అమ్మకు చెప్పలేదు, చెప్పాల్సిన పని వస్తుందని ఎవరు అనుకుంటారు?

ఆమెకు ఈ చదువు ఎంత అవసరమో నాకు ఆ గదిలోనే తెలిసింది. వాళ్ళ తాలూకాలో మన సర్కారు కట్టించిన హాచరీ తాళం వేసి ఉందట. ఇక్కడి నుంచి పట్టుకుపోయిన గుడ్లను ఆమె పొదిగించి, అధికారి ముందు పిల్లలను చూపిస్తే ఆ తాళంచెవి ఆమెకు ఇస్తారు, ఉద్యోగం ఇస్తారు, వెనకాలే ఒక గది ఇస్తారు. చూపించలేకపోతే మళ్ళీ బావగారి ఇంటికే పోవాలి. "అక్కడ నేను మనిషిని కాదు మణీ, వండి పెట్టే చెయ్యిని" అంది. ఆ మాట అన్నప్పుడు కూడా గుడ్డును వెలుగు ముందు తిప్పుతూనే ఉంది.

ఆరు నెలలు గడిచాయి. పోయే ముందు రోజు ఫారం వాళ్ళు రెండు అట్టపెట్టెల నిండా తెల్లటి గుడ్లు ఇచ్చారు, ఈ సర్కారు నుంచి ఆ సర్కారుకు కానుక అని పెద్దసారు పెట్టెల మీద కాగితం అంటించి సంతకం కూడా చేశారు. నాయిన వాటిని రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి ముందు గదిలో చల్లగా ఉండే మూల పెట్టాడు. రైలు మర్నాడు మధ్యాహ్నం. పొద్దున రహీమక్క ఫారంలో అందరికీ చెప్పి రావడానికి నాయినతో పోయింది. ఇంట్లో అమ్మ, నేను. అమ్మ పెట్టె మూత తీసి చూసింది. ఊకలో గుడ్లు, ఒకటి రెండింటికి కోడి రెట్ట ఎండి అంటుకుని ఉంది. చాలాసేపు అట్లాగే చూసింది.

మా వైపు ఆడపిల్లను అత్తింటికి పంపేటప్పుడు ఒడిబియ్యం పోస్తారు, మీకు తెలిసిందే. పసుపు కలిపిన బియ్యం కొంగులో పోసి, కడుపు పండాలని, ఇల్లు నిండాలని పంపుతారు. అది ముత్తైదువులకే. రహీమక్క భర్త పోయిన మనిషి, పైగా మతం వేరు. వారం రోజులుగా అమ్మ దీనితోనే కుమిలిపోతోందని నాకు అప్పుడు అర్థమైంది.

"ఒట్టి ఒడితోని పంపుడు నాతోని కాదే మణీ. పిల్లకు పొయ్యద్దంటరు. గుడ్లకైతే ఎవరద్దంటరు? ఇవి పోయి ఆమె ఇల్లు నింపేటియి. మైలతోని పంపుతమా? బేసిన్ల నీళ్ళు పట్టు."

"అమ్మా, గుడ్లు కడగద్దంట. రహీమక్క చెప్పింది."

"పచ్చి నీళ్ళతోని కడగద్దని ఉంటది. పసుపు నీళ్ళకేం? పసుపు తాకితే ఏదన్న చస్తదా? నీళ్ళు పట్టు."

పట్టాను. నాలుగో తరగతి చదివిన పిల్లను, మా అమ్మ పసుపుతో మానని గాయం చూడని పిల్లను. ఒక్కొక్క గుడ్డును అమ్మ ముంచి తీసి నాకు ఇచ్చేది, నేను పాత చీరతో తుడిచి ఊకలో పెట్టేదాన్ని. తెల్లటి పెంకులు లేత పచ్చగా మెరిశాయి. అమ్మ పెదవులు కదులుతూ ఉన్నాయి, ఏ దేవుడికి మొక్కుకుందో తెలియదు. అంతా అయ్యాక మూత మూసి, కాగితం ఎక్కడా చెదరకుండా తాడు కట్టింది. "ఆమెకు చెప్పకు. ఇంటికి పోయి ఇప్పినంక చూసి మురవాలె" అంది.

సికింద్రాబాద్ స్టేషన్లో రహీమక్క కిటికీ పక్కన కూర్చుని ఒక పెట్టె ఒళ్ళో, ఒకటి పక్కన పెట్టుకుంది. నేను ఊచలు పట్టుకుని నిలబడ్డాను. "గుడ్లు పొదగేసిన ఇరవై ఒకటో రోజు నన్ను తలుచుకో, ఆ రోజు పిల్లలు పెంకు పగలగొడతాయి" అంది. చెబుదామని నోరు తెరిచాను. వెనక అమ్మ కళ్ళు ఒత్తుకుంటూ నా భుజం నొక్కింది. బండి కదిలింది.

ప్రయాణం రోజులు కూడా కలిపి లెక్కపెట్టుకుని ఇరవై ఒకటో రోజు అమ్మ పాయసం వండింది. ఆ తర్వాత కొన్ని వారాలకు ఒక సాయంత్రం నాయిన చొక్కా విప్పకుండానే లోపలికి వచ్చి పీట మీద కూర్చున్నాడు.

"ఒక్కటి సుత లేవలేదంట. అన్ని మురిగిపోయినయంట, కొన్నైతే పొదిగే పెట్టెలనే పేలినయంట. మనోళ్ళు చెడిపోయిన గుడ్లిచ్చిన్రని ఆళ్ళు రాసిన్రు. దాచుకునుడు రాక పాడు జేసిన్రని పెద్దసారు జవాబు రాయిస్తున్నడు. ఇంక ఎవర్నీ పంపరంట, వీళ్ళు సుత పిలువరంట. పెట్టెలు ఎవరు కట్టిన్రని నన్నడిగిన్రు."

అమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు. "కడిగితే ఏమైతది?" అని అడిగింది.

నాయిన నవ్వాడు. "గుడ్లు ఎవలన్న కడుగుతరా? మా కాడ కొత్తగొచ్చిన కూలోడు సుత కడగడు. కడిగితే..." అంటూ అమ్మ చేతుల వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను ఏడుస్తున్నాను. 

"రేపు పోయి చెప్పు" అంది అమ్మ. "నేనే కడిగిన్నని చెప్పు. ఆ పిల్ల మీద పడనియ్యకు."

"చెప్తే నా నౌకరి ఉంటదా? సర్కారు కానుక, నా ఇంట్ల పాడైంది. ముగ్గురం ఏం తింటం?"

 నాయిన చెప్పలేదు. ఆయన్ను తప్పు పట్టేంత గొప్పదాన్ని కాను, ఆయన తెచ్చిన జీతంతోనే నేను పెరిగాను. కానీ ఆ రాత్రి నుంచి అమ్మ పసుపు డబ్బా ముట్టాల్సి వచ్చినప్పుడల్లా నన్ను పిలిచి నాతో వేయించేది. నాయిన రిటైరయ్యాడు, పోయాడు. అమ్మా పోయింది. చివరి రోజుల్లో మాట పడిపోయాక కూడా ఒక చెయ్యి రెండో చేతిలో పెట్టి రుద్దుకుంటూ ఉండేది. చూడవచ్చిన వాళ్ళు తిమ్మిరి అనుకున్నారు.

ఆ చిన్న దోస్తీ ఇద్దరు సార్ల రెండు కాగితాలతో ముగిసిపోయిందని ఎవరికీ తెలియదు. పెద్ద దోస్తీ నడుస్తూనే ఉంది. టీవీలో చూసేదాన్ని, పెద్దవాళ్ళు కరచాలనాలు చేసుకునేవారు, కొత్త రైలుకు జెండా ఊపేవారు, కరెంటు తీగలు, వంతెనలు, మందులు. చూసినప్పుడల్లా ఆ రెండు అట్టపెట్టెలే కళ్ళ ముందుకు వచ్చేవి. ఎక్కడో ఒక ఆడమనిషి వండి పెట్టే చెయ్యిగా మిగిలిపోయిందని, దానికి కారణం మేమని, ఈ వంతెనలు కట్టే వాళ్ళెవరికీ తెలియదు కదా అనుకునేదాన్ని.

రెండేళ్ళ కింద బంగ్లాదేశ్ నుంచి ఒకాయన పంజాగుట్టలో వైద్యానికి వచ్చి, అమీర్‌పేటలో కోళ్ళ ఫారం చప్రాసీ ఇల్లు ఎక్కడని గల్లీ గల్లీ తిరిగి అడిగాడు. ఇప్పటి వాళ్ళకు ఏం తెలుస్తుంది, చివరికి ఇస్త్రీ బండి ముసలాయన, నాయిన తర్వాత నాకు మిగిలిన ఈ ఇల్లు చూపించాడు. రహీమక్క పంపింది. ఆయన ఫోనులోనే ఆమె ముఖం చూశాను. అటువైపు ఆమె బావగారి మనవరాలు సల్మా ఫోను పట్టుకుంది. రహీమక్కకు పళ్ళు లేవు, జుట్టు తెల్లబడింది, కళ్ళు మాత్రం గుడ్డును వెలుగుకు పెట్టి చూసే కళ్ళే. ఆ రోజు ఏమీ చెప్పలేకపోయాను. వారానికి ఒకసారి మాట్లాడుకునేవాళ్ళం, కూరల గురించి, మోకాళ్ళ గురించి. ఆమె ఇంకా బావగారి ఇంట్లోనే ఉంది, ఆ ఇంట్లో పిల్లలందరినీ పెంచింది, సల్మా ఆమెను దాదీ అంటుంది, నానమ్మ అని, నన్నేమో నానీ, అమ్మమ్మ అని. నాలుగైదు నెలలు పట్టింది నాకు ధైర్యం రావడానికి. ఒక మధ్యాహ్నం గబగబా చెప్పేశాను, గుడ్లు మేమే కడిగాం అక్కా, అమ్మ పసుపు నీళ్ళలో కడిగింది, నీళ్ళు నేను పట్టాను అని.

 ఆమె ఉర్దూలో చెప్పింది, నాకు వచ్చిన తెలుగులో చెబుతున్నాను.

"నాకు తెలుసు మణీ. పెట్టె తెరవగానే పసుపు కనపడింది. వాసన కూడా వచ్చింది, అమ్మ చేతి వాసన. ఇవి లేవవని అప్పుడే తెలిసింది. అయినా పెట్టాను, ఇరవై ఒక్క రోజులు తిప్పాను. అధికారి వచ్చి పెంకులు ఎందుకు పచ్చగా ఉన్నాయి అన్నాడు. నేనే కడిగాను అన్నాను. మీ వాళ్ళు కడిగారంటే మీ నాన్న ఉద్యోగం పోతుంది కదా. వెర్రిదానికి ఏం చదువు చెప్పారు అని వాళ్ళలో వాళ్ళు నవ్వుకున్నారు. అయితే వాళ్ళు కాగితంలో అది రాయలేదు. తమ మనిషి తప్పు చేసిందని ఎందుకు రాస్తారు? చెడిపోయిన గుడ్లు వచ్చాయని రాశారు."

"మరి నువ్వు?"

"నేను ఇంటికి వచ్చాను, పొయ్యి వెలిగించాను." అని, "నాకు మా అమ్మ చిన్నప్పుడే పోయింది. పెళ్ళికి నాకు ఎవరూ ఏమీ పెట్టలేదు. మీ అమ్మ పెట్టింది" అంది.

ఇన్నేళ్ళు నేను తిట్టు కోసం కాచుకుని ఉన్నాను. తిడితే పడి, కాళ్ళు పట్టుకుని, కొంత బరువు దించుకోవచ్చు అనుకున్నాను. ఆమె తిట్టలేదు. అడగాల్సిన క్షమాపణకు కూడా చోటు లేకుండా పోయింది. కనీసం ఆ మనిషిని ఇక్కడికి తెప్పించి, ఆపరేషన్ చేయించి, ముందు గదిలో పడుకోబెట్టి పథ్యం వండిపెడదాం అనుకున్నాను. కవాటం పాడైన సంగతి సల్మా చెప్పింది అప్పుడే. అదివరకు అక్కడి నుంచి రోజూ ఎంతోమంది వచ్చేవారు, పంజాగుట్టలో వాళ్ళ కోసమే ఆవనూనెతో వండే హోటలు కూడా వెలిసింది. సరిగ్గా అప్పుడే రెండు సర్కార్లు మొహాలు తిప్పుకున్నాయి. ఎవరిది తప్పో నాకు తెలియదు, నా బుద్ధికి అందేది కాదు. వీసాలు ఆగిపోయాయి. రోగులకు ఇస్తున్నారని ఒకరోజు, లైను దొరకదని ఇంకోరోజు. సల్మా దాదీని చక్రాల కుర్చీలో ఆఫీసుకు తీసుకుపోయి ఎన్నోసార్లు తిరిగి వచ్చింది. హోటలాయన ఆవనూనె మానేసి దోసెలు పోస్తున్నాడు.

నిన్న నాలుగో ఉత్తరం చేతికి వచ్చింది. సల్మాకు ఫోటో పంపుదామని అక్కడే బెంచీ మీద కూర్చుని ఫోను చేశాను. "నానీ, ఇక పంపకు" అంది ఆ పిల్ల. శుక్రవారం పొద్దున దాదీ పోయిందట. మట్టి కూడా ఇచ్చేశారట. నాకు చెప్పడానికి మూడు రోజులుగా నోరు రాలేదట. నేను ఏడవలేదు, అక్కడ అంత మంది రోగులు, ఎవరి ఏడుపు వాళ్ళకు ఉంది. లేచి కౌంటరు దగ్గరికి పోయాను. "తేదీ ఏమన్న ఖరారైందా అమ్మమ్మా, బెడ్డు రాసిపెట్టనా?" అంది అమ్మాయి. "వద్దు బిడ్డా, వేరే ఎవరికన్న ఇయ్యి" అన్నాను. ఆమె కంప్యూటరులో ఏదో నొక్కింది. అంతే, అయిపోయింది. ఫ్లైఓవరు కింద చాలాసేపు నిలబడ్డాను, రోడ్డు దాటడానికి సందు దొరకలేదు. మా అమ్మ తన తప్పు చెప్పుకోవాల్సిన మనిషి పోయింది, నేను చేసి రుణం తీర్చుకోవాల్సిన మనిషీ ఆమే. ఇంక ఈ సంగతి మోయడానికి ఈ భూమి మీద నేనొక్కదాన్నే మిగిలాను, ఇప్పుడు మీరు.

సరే, పొద్దుపోతోంది, లేవండి. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంటి మనిషికి రోగమొస్తే ఆ పూటే ఆసుపత్రి గడప ఎక్కగలగాలి, ఎవరి సంతకం కోసమూ కాచుకోవాల్సిన గతి రాకూడదు. మీరు ప్రేమతో చేసిన పని ఎవరి కొంప మీదకూ రాకూడదు. ఒకవేళ వస్తే, చెప్పుకోవడానికి ఆ మనిషి మీకు దగ్గరలోనే, ప్రాణాలతో ఉండాలి.